భాషలకు తల్లి యెవరు?

భాషల పుట్టుకను గూర్చి మన పత్రికలలో వెలువడు వ్యాసములలో పెక్కు కేతనకవి పేరుతో ప్రారంభమగుచున్నవి. పదమూడవ శతాబ్దివాడగు కేతన తన ఆంధ్రభాషాభూషణమున సంస్కృతమే యెల్ల భాషలకును తల్లియని చెప్పినాడనియు, ప్రాచీనులే తేల్చినదానిని మరల త్రవ్వనేల యనియు ఆ వ్యాసకర్తల వాదము. మేమును చిన్ననాట ఆ మాటను వల్లించినవారమే. అయితే ఆ పద్యమును తుదివరకు చదివినవారు అరుదుగా కనబడుచున్నారు. సంస్కృతమును తల్లియని యొప్పుకొన్న ఆ కవియే మరుక్షణమున తెలుగులో కొంతభాగము మాత్రమే సంస్కృతమువలన వచ్చినదనియు, కొంత తనంతట తానే కలిగినదనియు, ఈ రెండును ఏకమై తెలుగను పేరు వడసినదనియు చెప్పినాడు. తల్లివలన రాక తనంతట తాను కలిగిన భాగమున్నచో ఆ తల్లితనము ఎట్టిది? కేతన ఈ ప్రశ్నను వేసికొనలేదు. ఆతడు వ్యాకరణము వ్రాయుచుండెనేగాని చరిత్ర వ్రాయుచుండలేదు. తన చెవికి వినబడినదానిని దాచక చెప్పినాడు. అదియే ఆతని గొప్ప. ఆతని పద్యమున సగమును విఱిచి ధ్వజముగ నెత్తిన మనవారి పనియే విమర్శింపదగినది.

తరువాతి వైయాకరణులును ఈ చిక్కును ఎఱుగనివారు కారు. తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని పదములను విభజించినపుడే దేశ్యమునకు సంస్కృతముతోడను ప్రాకృతముతోడను సంబంధము లేదని వారు ఒప్పుకొన్నట్లయినది. చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) దేశ్యమనగా త్రిలింగదేశ వ్యవహారమున సిద్ధమైనదని చెప్పి ముగించినాడు. ఆ సిద్ధమైనది ఎచ్చటనుండి వచ్చెనని ఎవరును అడుగలేదు. అడుగకుండుటకు కారణము లేకపోలేదు. కావ్యమునకు కావలసిన గౌరవము తత్సమములందున్నది; దేశ్యము ఇంటిలో, పొలములో, సంతలో ఉన్నది. పెద్దమనుష్యుల వంశావళి వ్రాయుదురుగాని పనివారి వంశావళిని ఎవరు వ్రాయుదురు? కన్ను, చెవి, చేయి, నేను, నీవు, వచ్చు, పోవు, రెండు, మూడు అను మాటలు లేనిదే ఏ తెలుగువాడును ఒక గడియ బ్రతుకలేడు, ఇవన్నియు దేశ్యములే. తత్సమములన్నిటిని తీసివేసినను తెలుగు బీదదై మిగులును. దేశ్యములను తీసివేసినచో తెలుగు అనునది మిగులనే మిగులదు.

ఈ దేశ్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తొలివాడు చెన్నపట్టణమున కలెక్టరుగా నుండిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతోగల చుట్టరికమును ప్రకటించిన తరువాత, దక్షిణాది భాషలును సంస్కృతమునుండియే పుట్టినవని కేరీ మొదలగు పాశ్చాత్య పండితులే వ్రాయసాగిరి. ఎల్లిస్ దీనిని అంగీకరింపలేదు. కాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1816లో అచ్చయినపుడు దానికి చేర్చిన పీఠికలో ఆతడు సంస్కృత ధాతువులను తెలుగు ధాతువులతో పోల్చి అవి వేఱని చూపి, తెలుగు ధాతువులను తమిళ కన్నడ ధాతువులతో పోల్చి అవి ఒకటని చూపెను. ఇది దొర యొక్కని ప్రజ్ఞ కాదు. ఆతడు ఆధారముగ గొన్నది కోట కళాశాలలో తెలుగు ప్రధానోపాధ్యాయుడగు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాల; ఉదాహరించినది మచిలీపట్టణపు వర్తకుడు మామిడి వెంకయ్య తన ఆంధ్రదీపికకు వ్రాసిన పీఠిక. మన పండితులు కూర్చిన పట్టికలనుండియే ఈ సిద్ధాంతము పుట్టినది. ద్రావిడవాదము దేశమును చీల్చుటకై పరదేశీయులు కల్పించినదని నేటికిని వ్రాయువారు ఈ పట్టాభిరామశాస్త్రి పేరైన ఎత్తరు. ఎల్లిస్ 1819లో చనిపోయెను. కాల్డ్వెల్ తన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించినది 1856లో. అనగా నలువది సంవత్సరముల తరువాత. ఐనను కీర్తి కాల్డ్వెల్‌ది, నిందయు ఆతనిదే.

ఇక మన భాషలో ఈ వాదమునకు ప్రతిగా వచ్చిన మహాగ్రంథము చిలుకూరి నారాయణరావుగారి ఆంధ్రభాషాచరిత్రము (1937). తెలుగు ద్రావిడభాష కాదనియు, ప్రాకృతములనుండి పరిణమించిన ఆర్యభాషయనియు వారి మతము. ఆ గ్రంథమును తేలికగ త్రోసివేయుట మా యుద్దేశము కాదు. శాసనములనుండియు ప్రజల వాడుకనుండియు వారు ప్రోగుచేసిన సామగ్రి నేటికిని పరిశోధకులకు గని. అయితే సామగ్రి వేఱు, సిద్ధాంతము వేఱు. ఒక్కొక్క తెలుగుమాటకు ఒక్కొక్క ప్రాకృత మూలమును వెదకి, నడుమ కావలసినన్ని మార్పులను కల్పించుకొనుచు పోయినచో, ఏ భాషనుండి ఏ భాషనైనను పుట్టింపవచ్చును. పదమున కొక దారి వేసికొనువాడు ఎచ్చటికైనను చేరగలడు. కాని అది అందఱు నడచిన బాట యని చెప్పుటకు వీలులేదు. ఆ కాలముననే కోరాడ రామకృష్ణయ్యగారును, 1947లో ఆంధ్రభాషావికాసము ప్రకటించిన గంటి జోగిసోమయాజిగారును ఈ పద్ధతిని అంగీకరింపలేదు.

బాట యనగా నేమో ఒక ఉదాహరణముచే చూపెదము. తమిళులకు ప్రత్యేకమైన ఴకారము ఒకటి కలదు. అది మన పూర్వుల శాసనములందును ఉండెను. తమిళమున ఏఴు అనునది మనకు ఏడు. కోఴి అనునది కోడి. నాగలి పిడికి వారు మేఴి యనగా మనము మేడి యందుము. రేనాటిని పాలించిన రాజుల వంశనామము తొలుత చోఴయై పిదప చోడయైనది. ఒక్క మాట కలియుట కాకతాళీయము కావచ్చును. రెండు మాటలు ఎరువు కావచ్చును. కాని కోడియు నాగలిమేడియు అంకెయు రాజవంశమును ఒకే నియమమునకు లోబడి నడచినచో అది చుట్టరికము కాక మఱేమి? మఱియొకటి చూడుడు. ఇరండు, అవరు, ఉరలు అని ఇరుగుపొరుగువారు అచ్చుతో ప్రారంభించు మాటలను మనము రెండు, వారు, రోలు అని తలక్రిందుగ చేసితిమి. ఇట్లు వర్ణము ముందుకు దుముకుట మన భాషకును మన తోబుట్టువులగు కూయి కొండ మొదలగు భాషలకును గల కుటుంబలక్షణము. ఏ ప్రాకృతమునందును ఇట్టిది నియమముగ కనబడదు.

ఇట్టి నియమము తెలియనిచోటనే కథలు పుట్టును. కాళేశ్వర శ్రీశైల దాక్షారామములందలి మూడు లింగముల నడుమనున్న దేశము త్రిలింగమనియు, ఆ త్రిలింగమే తెలుగైనదనియు చెప్పు కథ అందఱెఱిగినదే. కాకతి ప్రతాపరుద్రుని యాస్థానమున నున్న విద్యానాథుడును త్రిలింగములను పేర్కొన్నాడు. కథ భక్తికి అందముగనే యున్నది. కాని తెనుగు, తెలుగు అను దేశ్యరూపములకు సంస్కృతపు తొడుగు తొడిగి త్రిలింగము చేసిరనుటయే భాషాశాస్త్రజ్ఞులలో పలువురకు సమ్మతము. ఊరిపేరును సంస్కృతీకరించి స్థలపురాణము వ్రాయుట మనకు క్రొత్త గాదు. జాతిపేరునకును అదే మర్యాద జరిగినది.

సంస్కృతమును తల్లిపీఠమునుండి దింపినవారిలో కొందఱు ఆ పీఠమును ఖాళీగ నుంచలేక తమిళమును కూర్చుండబెట్టిరి. తమిళ సాహిత్యము మనదానికంటె వేయి సంవత్సరములకు పైగా పెద్దది. దానికి మేము నమస్కరింతుము. కాని సాహిత్యము ముందు పుట్టుట వేఱు, భాష ముందు పుట్టుట వేఱు. తమిళమున చెవి, తెలుగున చెవి. కన్నడమున మాత్రము కివి. తాలవ్యాచ్చుల ముందు కకారము చకారముగ మారుట లోకమున పలుచోట్ల కనబడు మార్పు. చకారము కకారమగుట అరుదు. కావున ఈ మాటలో కన్నడిగులే పాతదానిని నిలుపుకొనిరి, తమిళులును మనమును మార్చుకొంటిమి. బిడ్డ నిలుపుకొన్న పాతరూపము తల్లిలో లేకపోవుట యెట్లు? తమిళము మనకు అక్కయేగాని అమ్మ కాదు. అమ్మ యెవరో ఆమె మాటలు వ్రాతలో నిలువలేదు. బిడ్డలందఱి ముఖములు చూచి ఆమె ముఖమును ఊహించుకొనవలసినదే. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధన ఆ మూలభాష సుమారు 4500 సంవత్సరముల నాటిదని లెక్కవేసినది. మూలభాషకు కాలము నిర్ణయించు లెక్కలను మేము జాగ్రత్తగనే గ్రహింతుము. కాని వరుసను గూర్చి సందేహము లేదు.

ఆ వరుస ఎంత దూరము సాగినదో చూచిన ఆశ్చర్యము కలుగును. బెలూచిస్థానపు కొండలలో బ్రాహూయీ మాటలాడు ముసల్మానులు కలరు. వారికి కన్ను ఖన్. నీవు అనుటకు నీ. ఒకటి రెండు మూడులకు అసిట్, ఇరట్, ముసిట్. నాలుగు మొదలుకొని పారసీకపు టంకెలే. ఛోటానాగపూరునందలి ఉరాంవుల కురుఖ్ భాషయు, రాజమహల్ కొండలలోని మాల్తోయు మన కుటుంబములోనివే. రాజమహల్ భాషలో తమిళ తెలుగు మాటలు మిక్కుటముగ నున్నవని ఎల్లిసే గుర్తించినాడు. మనకు తోడబుట్టినవారైన గోండీ, కూయి, కువి, కొండ, పెంగో భాషలవారు మన పొలిమేరలలోనే యున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు ధాతువులపై ప్రకటించిన గ్రంథమునను, పిదప 1969లో కొండభాషకు వ్రాసిన వ్యాకరణమునను ఈ సోదరత్వమును గట్టిగ నిలబెట్టిరి. తమిళ కన్నడములలో స్త్రీకి అవళ్, అవళు అని వేఱొక సర్వనామము కలదు. మనకు, గోండులకు అట్టిది లేదు. మర్యాద మాట అటుంచినచో మన ఇండ్లలో స్త్రీకిని వస్తువునకును అది యను ఒక్క మాటయే. మేము దీనికి గర్వింపము. కాని భాషాచరిత్రమునకు ఇది గట్టి సాక్ష్యము.

బండిఱకారమును గూర్చి ఒక మాట. ఏ పదమున సాధురేఫ, ఏ పదమున శకటరేఫ యని మన పండితులు పద్యములను ప్రమాణముగ జూపి తరతరములుగ వాదులాడిరి. పలుకులో ఆ భేదము మనకు ఎన్నడో నశించినది. అరకు కోరాపుట్టు కొండలలో కొండభాష మాటలాడువారి నోట ఆ రెండు రేఫలును నేటికిని వేఱువేఱుగ పలుకుచున్నవి. ఏ పీఠాధిపతియు వారికి నేర్పలేదు. 2011 జనగణనమున ఆ భాషవారు సుమారు 60 వేలు. శకటరేఫపై వ్యాసములు వ్రాసిన మనవారిలో ఆ కొండయెక్కి వినినవారెందఱు?

కొండయెక్కి వినినవాడొకడు కలడు. ఆతడు గిడుగు రామమూర్తిపంతులుగారు. వాడుకభాషోద్యమమునకు నాయకులని వారిని స్మరింతుముగాని, పర్లాకిమిడిలో నుండి సవరల భాషను నేర్చి, సొంత సొమ్ముతో వారి బిడ్డలకు బడులు నడిపి, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిన కథను మనము తగినంతగా చెప్పుకొనము. అందలి విశేషమేమనగా సవర మన కుటుంబపు భాష కాదు, సంస్కృత కుటుంబమునకును చెందదు. సంతాలీ, ముండారీ మొదలగువానితో చేరి ఖాసీ, మోన్, ఖ్మేరు, వియత్నాము భాషలకు చుట్టము. సంతాలీలో మూడు పే, నాలుగు పోన్. వియత్నాములో మూడు బా, నాలుగు బోన్. సముద్రతీరమున మన ప్రక్కనే యుండి వేల సంవత్సరములు మనతో కలసి బ్రతికినవారి భాష వేళ్లు తూర్పున మెకాంగు నదీతీరమువరకు పోయినవి. ఐతరేయ బ్రాహ్మణమున విశ్వామిత్రుని శాపము పొందిన సంతానముగ ఆంధ్రులును శబరులును ఒకే వరుసలో చెప్పబడిరి. ఆంధ్రులమని ఆ వాక్యమును మన ప్రాచీనతకు ఋజువుగ ఉదాహరింతుము. ప్రక్కనున్న శబరులను విడిచిపెట్టుదుము. కేతన పద్యమునకు చేసిన అన్యాయమే ఇచ్చటను.

ఆ కొండలలోనే గదబలని ఒక జాతివారు కలరు. జాతి పేరొకటే, భాషలు రెండు. గుతోబ్ అనునది సవరకు చుట్టము. ఓల్లారి మొదలగునది మనకు చుట్టము. ఒక పేరు గల జనము రెండు వేర్వేరు కుటుంబముల భాషలను మాటలాడుచుండగా, రక్తమును భాషను ఒకటిగ చేసి జాతివాదములు నిర్మించువారికి ఇది పెద్ద యడ్డంకి. ఆర్యులు, ద్రావిడులు అను మాటలు భాషలకు పెట్టిన పేర్లు. వానిని మనుష్యుల నెత్తురునకు అంటగట్టి ఒకవైపువారు గర్వమునకును, మఱొకవైపువారు ద్వేషమునకును వాడుకొనిరి. శాస్త్రము చెప్పినది భాషల వరుస మాత్రమే.

వరుసలు వేఱైనంతమాత్రమున ఈ భాషలు అంటుసొంటులు లేక బ్రతికినవనుకొనుట మఱొక పొరపాటు. మూర్ధన్యములగు టకార డకారములు ఋగ్వేదమునందే కలవు. సంస్కృతమునకు చుట్టములైన ఐరోపాఖండపు ప్రాచీనభాషలలో అవి ఇట్లు వర్గముగ లేవు. సంస్కృతమునందలి మీన మొదలగు కొన్ని మాటలు దక్షిణాది కుటుంబమువేనని బరో మున్నగువారి అభిప్రాయము. చెప్పి, విని, వచ్చి అని క్రియలను తోరణముగ గ్రుచ్చుట, ఇతరుల మాటను చెప్పి అని యని ముగించుట, పులిగిలి, కూరగీర యని జంటమాటలాడుట, ఇవి వేర్వేరు కుటుంబముల భాషలకు భారతదేశమున ఉమ్మడి సొత్తు. అమెరికా పండితుడు ఎమెనో 1956లో దీనినే భారతదేశము ఒక భాషాక్షేత్రమని నిరూపించెను. తల్లి యొకతె కాకున్నను ఒకే ముంగిట పెరిగిన బిడ్డలు ఒకరి నడక నొకరు నేర్చుకొందురుగదా! దేశైక్యమునకు కావలసినవారికి ఈ ఆధారము చాలదా? దానికై లేని తల్లిని కల్పించుట యెందుకు?

ఈ చర్చ యంతయు పండితుల కాలక్షేపమని తలచువారికి జనగణనమును చూడుడని మనవి. గ్రియర్సను నడిపిన భాషాపరిశీలనము 179 భాషలను, 544 మాండలికములను లెక్కించినది. 1961 జనగణనమున 1652 మాతృభాషలు నమోదైనవి. 1971 మొదలుకొని పదివేలమందికి తక్కువగ మాటలాడు భాషలు విడిగా ప్రకటింపబడుట లేదు. 2011లో ప్రకటింపబడిన భాషలు 121. భాషలు చచ్చుటకు ముందే లెక్కలో చచ్చుచున్నవి. హిందీవారు 52 కోట్లని చెప్పు ఆ లెక్కలో అయిదు కోట్ల భోజపురీయు, రాజస్థానీయు, ఛత్తీస్‌గఢీయు కలిసియున్నవి. ఏది భాష, ఏది మాండలికము అనునది శాస్త్రము తేల్చకముందే కచేరీలో తేలుచున్నది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందు 22 భాషలు కలవు. వానిలో 24 వేలమంది మాతృభాషగ వ్రాయించుకొన్న సంస్కృతమున్నది. అందులకు మాకు అసూయ లేదు. కాని 29 లక్షలకు పైబడిన గోండులకు అందు చోటు లేదు. ముండాకుటుంబమునుండి సంతాలీ యొక్కటియే, అదియు 2003 నాటి రాజ్యాంగసవరణమువలన, లోపలికి వచ్చినది.

తల్లివాదమునకును ఈ నిర్లక్ష్యమునకును సంబంధము లేదందురా? ఒక భాష తల్లియు మిగిలినవి బిడ్డలును అనినచో, తల్లికి దూరమైనకొలది బిడ్డ చెడిపోయినదనుట తప్పదు. అందుచేతనే గోండీ కోయ మాటలను వినిన మనవారు అవి చెడిన తెలుగని నవ్వుదురు. నిజమునకు అవి చెడిన తెలుగు కాదు. తెలుగు వాని తోబుట్టువు. అడవిపల్లెలోని పిల్లవాడు బడికి వచ్చి కన్నును కన్ అనినపుడు ఉపాధ్యాయుడు దిద్దును. దిద్దబడినది తప్పు కాదు, తెలుగంత వయసుగల మాట. రాజ్యాంగపు 350ఏ అధికరణము 1956 మొదలు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్చుటకు ఏర్పాట్లు చేయవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఈ శతాబ్ది తొలి దశాబ్దమున ఆంధ్రదేశమునందును ఒడిశాయందును సవర, కువి మొదలగు భాషలలో బాలవాచకములు వచ్చినవి. వచ్చిన వాచకములకు ఆ భాష తెలిసిన ఉపాధ్యాయులను తప్పక నియమించుట, మూడవ తరగతితోనే వానిని మానివేయకుండుట ప్రభుత్వముల పని. ఆ పని జరుగవలెనని అడుగుట పత్రికల పని.

ఆదిలాబాదు జిల్లా గుంజాలగ్రామమున గోండీభాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన పాతప్రతులు బయల్పడినవి. ఆ లిపికి 2018లో యంత్రాక్షరముల జాబితాయగు యూనికోడునందు స్థానము దొరకినది. లిపిలేని భాషయని మనము చిన్నచూపు చూచిన భాషకు లిపి యుండెను. మనము అడుగలేదు, అంతే. 2008లో తెలుగునకు ప్రాచీనభాషాప్రతిపత్తి వచ్చినపుడు మేమును సంతోషించితిమి. కలమళ్ల శాసనపు నాటినుండి తెలుగు వాక్యము నిలిచియున్నదని చెప్పుకొంటిమి. ప్రాచీనతకై ప్రభుత్వము పెట్టు పరీక్షలు వ్రాతనే కొలుచును. వ్రాత లేని భాషలోను ప్రాచీనత యుండుననుటకు కొండవారి శకటరేఫయే సాక్షి. కాని దానికి ఏ ప్రతిపత్తియు లేదు. ఈ పత్రికకు భాషావ్యాసములు పంపువారు ఇకమీదట గోండీ, కొండ, సవర, కోలామీ పదపట్టికలలో ఒక్కటియైనను దగ్గఱ పెట్టుకొని వ్రాయుదురేని మేము మిక్కిలి ఆదరముతో ప్రకటింతుము.